ఏడేళ్ళ లెక్క

ఒలీవియా డి హావిలాండ్ అనగానే పాత హాలీవుడ్ సినిమాలు చూసేవాళ్ళకు ‘గాన్ విత్ ద విండ్’లోని మెలనీ గుర్తుకొస్తుంది. ఎవరేం చేసినా పల్లెత్తు మాట అనని ఇల్లాలు మెలనీ. 1939 నాటి ఆ వేషం ఆమె పేరుకు ఎప్పటికీ అతుక్కుపోయింది. 2020 జులైలో, 104 ఏళ్ళ వయసులో, పారిస్‌లో కన్నుమూసేనాటికి ఆమె ఖాతాలో రెండు ఆస్కార్లు కూడా ఉన్నాయి. అయినా ఆమె జీవితంలోని అతి పెద్ద పని కెమెరా ముందు జరగలేదని నా అభిప్రాయం. తెర మీద ఓర్పుకు మారుపేరైన ఈ మనిషి వార్నర్ బ్రదర్స్ స్టూడియోను కోర్టుకు లాగి, 1944లో గెలిచింది. ఆ గెలుపును ఒక తార పంతంగానో, పారితోషికం పేచీగానో చూస్తే దాని విలువ అందదు. సినిమా నటి కూడా జీతానికి పనిచేసే మనిషేనని, పనివాళ్ళను కాపాడటానికి పుట్టిన చట్టం ఆమెకూ వర్తిస్తుందని తేల్చిన తీర్పు అది.

దాని బరువు తెలియాలంటే 1930ల నాటి కాంట్రాక్టును కాస్త దగ్గరగా చూడాలి. పెద్ద స్టూడియోలు నటీనటులను ఏడేళ్ళ ఒప్పందం మీద తీసుకునేవి. పైకి ఇద్దరికీ భరోసా ఇచ్చే ఏర్పాటులా కనిపిస్తుంది కానీ కట్టు ఒకవైపే. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి ఒప్పందాన్ని కొనసాగించాలా వద్దా అని తేల్చుకునే హక్కు స్టూడియోకు ఉండేది. వద్దనుకుంటే నటుణ్ణి ఇంటికి పంపేయవచ్చు. నటుడు మాత్రం మధ్యలో బయటికి పోవడానికి లేదు. ఏ వేషం కట్టాలో స్టూడియోనే చెబుతుంది. వేరే స్టూడియోకు అరువిస్తే, అక్కణ్ణుంచి వచ్చే సొమ్ముకూ నటుడి జీతానికీ మధ్య తేడా తనే ఉంచుకుంటుంది. ఇచ్చిన వేషం వద్దంటే సస్పెన్షన్. అప్పుడు జీతం ఆగిపోతుంది, ఇంకెక్కడా పని చేసుకోకూడదు. అంతకన్నా గట్టి దెబ్బ మరొకటి ఉంది. సస్పెన్షన్‌లో గడిచిన వారాలన్నిటినీ తీసుకెళ్ళి ఒప్పందం చివర కలిపేవారు. కాదన్న ప్రతిసారీ విడుదల తేదీ ఇంకాస్త వెనక్కి జరిగేది. ఏడేళ్ళని కాగితం మీద రాసున్నా, అవి ఎప్పుడు నిండుతాయో చెప్పగలిగింది స్టూడియో లెక్కల పుస్తకమే.

ఒలీవియా ఈ ఏర్పాటులోకి పద్దెనిమిదేళ్ళకే అడుగుపెట్టింది. 1916లో టోక్యోలో ఇంగ్లీషు తల్లిదండ్రులకు పుట్టి, కాలిఫోర్నియాలోని సారటోగాలో పెరిగింది. 1934లో మాక్స్ రైన్‌హార్ట్ హాలీవుడ్ బౌల్‌లో ప్రదర్శించిన షేక్‌స్పియర్ నాటకం ఆమెకు సినిమా తలుపు తెరిచింది. మరుసటి ఏడాదే ‘కెప్టెన్ బ్లడ్’లో ఎరోల్ ఫ్లిన్ పక్కన కథానాయిక. ఆ జంట ఎనిమిది సినిమాల్లో కనిపించింది. డబ్బు బాగానే వచ్చింది కానీ, వాటిలో చాలావరకు ఆమె పని కథానాయకుడి సాహసాలు చూసి మురిసిపోవడమే. మెలనీ వేషానికి ఆమెను ‘గాన్ విత్ ద విండ్’ నిర్మాత సెల్జ్‌నిక్‌కు అరువివ్వడానికి స్టూడియో అధిపతి జాక్ వార్నర్ మొదట ఒప్పుకోలేదు. ఆమె వార్నర్ భార్యను కలిసి నచ్చజెబితే గానీ దారి దొరకలేదు. ఇక్కడ ఒక సాక్ష్యం చూడాలి. ఆమె జీవితంలో ఆస్కార్‌కు ఐదుసార్లు నామినేట్ అయింది. ఆ ఐదు సినిమాల్లో ఒక్కటి కూడా వార్నర్ బ్రదర్స్ తీసింది కాదు. ‘గాన్ విత్ ద విండ్’, ‘హోల్డ్ బ్యాక్ ద డాన్’ అరువు మీద వెళ్ళి చేసినవి. మిగతా మూడూ స్వేచ్ఛ వచ్చాక చేసినవి. ఎనిమిదేళ్ళు జీతమిచ్చిన సంస్థకు ఆమెలో ఏముందో కనబడలేదు. బయటివాళ్ళకు వెంటనే కనబడింది.

1943లో ఆమె ఏడేళ్ళూ నిండాయి. సస్పెన్షన్ల కింద పోయిన దాదాపు ఆరు నెలలు ఇంకా బాకీ ఉన్నాయంది స్టూడియో. లాయరు మార్టిన్ గ్యాంగ్ ఆమెకు కాలిఫోర్నియా కార్మిక చట్టంలోని 2855వ సెక్షన్ చూపించాడు. ఎవరి సేవలనైనా ఏడేళ్ళకు మించి బలవంతంగా పొందడానికి వీల్లేదని దాని సారం. ఈ నియమం సినిమా కన్నా పాతది: 1872లో గడువు రెండేళ్ళు, 1919లో ఐదు, 1931లో ఏడు అయింది. ఏడేళ్ళంటే నిజంగా పనిచేసిన ఏడేళ్ళని వార్నర్ వాదించింది. క్యాలెండరులో గడిచిన ఏడేళ్ళని ఆమె వాదించింది. సస్పెన్షన్ షరతుకు ఆమే సంతకం పెట్టింది కదా అన్న వాదన కూడా వచ్చింది. కింది కోర్టు ఆమె వైపే నిలిచింది. 1944 డిసెంబరులో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. పనివాళ్ళ మేలు కోరి, ప్రజల హితం కోసం పెట్టిన రక్షణను ఒక సంతకంతో వదులుకోవడం కుదరదంది. అనుభవం, నేర్పు పెరిగేకొద్దీ మనిషికి పైకి ఎదిగే అవకాశం, తన పనికి మంచి ధర అడిగే వీలు ఉండాలని కూడా చెప్పింది. ఇది తారల గురించిన మాట కాదు. వడ్రంగికైనా గుమస్తాకైనా సరిపోయే మాట.

ఈ చట్టం ముందునుంచీ ఉన్నదే కదా, ఆమె చేసిందేమిటని అడగవచ్చు. పుస్తకంలో ఉన్న చట్టం ఎవరైనా పట్టుకుని నిలబడేదాకా కాగితమే. 1936లో నటి బెట్టీ డేవిస్ ఇదే వార్నర్‌తో లండన్ కోర్టులో తలపడి ఓడిపోయింది. అదే ఏడాది నటుడు జేమ్స్ కాగ్నీ అదే స్టూడియో మీద గెలిచాడు, కానీ స్టూడియో తన ఒప్పందాన్ని తనే మీరిందన్న కారణం మీద. ఒప్పందాల పద్ధతి చెక్కుచెదరలేదు. ఒలీవియా మాత్రం పద్ధతినే ప్రశ్నించింది, అందుకు మూల్యమూ చెల్లించింది. ఆమెకు పని ఇవ్వొద్దని వార్నర్ మిగతా స్టూడియోలకు వర్తమానాలు పంపింది. దాదాపు రెండేళ్ళు ఆమెకు సినిమా లేదు. కథానాయికల వయసును నెలల్లో లెక్కపెట్టే ఊళ్ళో రెండేళ్ళు పోగొట్టుకోవడం ఎంత తెగింపో వేరే చెప్పక్కర్లేదు.

అనామకురాలైన అమ్మాయి మీద పెట్టుబడి పెట్టి, పేరు తెచ్చిపెట్టిన స్టూడియోకు ఆ ఫలం అనుభవించే హక్కు లేదా అన్నది న్యాయమైన ప్రశ్న. ఉంది, ఏడేళ్ళపాటు. నష్టం వస్తుందనుకుంటే మధ్యలో వదిలించుకునే వీలు కూడా స్టూడియోకే ఉండగా, ఆ గడువు చాలదనడం వ్యాపారానికి మించిన ఆశ. స్టూడియోల పెత్తనాన్ని కూల్చింది ఈ తీర్పు కాదనేవాళ్ళూ ఉన్నారు. థియేటర్లను స్టూడియోల చేతుల్లోంచి తప్పించిన 1948 నాటి పారమౌంట్ తీర్పు, ఆ వెనకే ఇంటింటికీ చేరిన టీవీ అసలు కారణాలని వాళ్ళంటారు. స్టూడియోల ఆదాయం సంగతిలో అది నిజమే. కానీ ఆదాయం తగ్గిన యజమాని పనివాళ్ళను తనంతట తాను వదిలిపెట్టడు. నటుడు ఒక తేదీ చూపించి, ఆ రోజు నుంచి నేను స్వతంత్రుణ్ణి అని చెప్పగలిగింది ఈ తీర్పు వల్లే.

లాభపడింది పెద్ద తారలు, వాళ్ళ ఏజెంట్లే అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. 1950లో ‘వించెస్టర్ 73’కి నటుడు జేమ్స్ స్టివార్ట్ తరఫున ఏజెంట్ లూ వాసర్‌మన్ లాభాల్లో వాటా మాట్లాడాక, బేరసారాల అధికారం ఏజెంట్ల చేతికి మళ్ళిన మాట నిజం. చిన్న నటులకు వారంవారం వచ్చే జీతం కూడా క్రమంగా పోయింది. కానీ బేరంలో బలం లేకపోవడం వేరు, బయటికి పోయే హక్కే లేకపోవడం వేరు. మొదటిదాన్ని సంఘం సరిదిద్దగలదు. రెండోదాన్ని చట్టమే సరిదిద్దాలి. ఈ హక్కు తారల విలాసం కాదనడానికి సంగీత పరిశ్రమే రుజువు. 1987లో రికార్డు కంపెనీలు ఇదే సెక్షన్‌లో తమకు ఒక మినహాయింపు సంపాదించుకున్నాయి: ఏడేళ్ళ తర్వాత గాయకులు వెళ్ళిపోతే, ఇవ్వాల్సిన ఆల్బమ్‌లకు పరిహారం అడగవచ్చు. 2008లో నటుడు జారెడ్ లెటో సంగీత బృందంపై రికార్డు కంపెనీ ఇ.ఎం.ఐ. 3 కోట్ల డాలర్లకు దావా వేస్తే, ఆ బృందం ఆశ్రయించింది ఈ ఏడేళ్ళ చట్టాన్నే.

ఇక కళ వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. స్వేచ్ఛ దొరికాక ఆమె చేసిన ‘టు ఈచ్ హిజ్ ఓన్’కు మొదటి ఆస్కార్ వచ్చింది. ‘ద స్నేక్ పిట్’ కోసం మానసిక వైద్యశాలలకు వెళ్ళి రోగులను గమనించింది. ‘ది ఎయిరెస్’ కథను న్యూయార్క్‌లో నాటకంగా చూసి, సినిమా తీయమని దర్శకుడు విలియం వైలర్‌ను అడిగింది తనే. అందులో ప్రియుడు రాని రాత్రి, పెట్టె పట్టుకుని మెట్లెక్కుతుంది ఆమె పోషించిన కేథరిన్. ఒక్కో మెట్టుకూ ఆ ఒంటి మీదికి వయసు వచ్చిపడుతున్నట్టుంటుంది. ఫ్లిన్ పక్కన నవ్వుతూ నిలబడ్డ ఏళ్ళలోనూ ఆ శక్తి ఆమెలో ఉంది, దాన్ని చూపించే వేషం ఎంచుకునే హక్కే లేదు. అందుకే సినిమా చరిత్ర రాసేవాళ్ళు ‘ది ఎయిరెస్’ పక్కనే 2855వ సెక్షన్‌కూ చోటివ్వాలి. ఆ సెక్షన్ పట్టుకుని పోరాడి ఉండకపోతే ఆ సినిమా ఆమె చేతికి వచ్చేది కాదు.