ఆ పేరు ఎవరు చెప్పారు? సేలం పట్టణము, మన పల్లెలు



యవ్వనస్థుల కూడిక అయ్యాక కొందరు పిల్లలు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. ‘ది క్రూసిబుల్’ అనే ఇంగ్లీషు సినిమా చూశారట. అందులో గొడవంతా పాస్టరుగారి ఇంట్లోనే మొదలైనట్టు చూపించారు, అది నిజమేనా అని. నిజమే. అయితే ఒక్క మాటలో చెప్పి వదిలే సంగతి కాదు గనుక ఇక్కడ రాస్తున్నాము.

క్రూసిబుల్ అంటే కంసాలి లోహాన్ని కరిగించే మూస. సామెతలు 17:3 చదివినవారికి ఆ మాట కొత్త కాదు. ఆర్థర్ మిల్లర్ 1953లో ఈ నాటకం రాశారు. సినిమా 1996లో వచ్చింది. కథ జరిగింది 1692లో, అమెరికాలోని సేలంలో (తమిళనాడు సేలం కాదు). మెల్కీసెదెకు ఏలిన షాలేము పేరే ఆ ఊరికి పెట్టుకున్నారు. సమాధానము అని దాని అర్థం.

మిల్లర్ రాసిన రోజుల్లో అమెరికాలో కమ్యూనిస్టుల వేట జరుగుతోంది. విచారణ సంఘాల ముందు మనుషులను నిలబెట్టి, నీతో ఇంకెవరున్నారో పేర్లు చెప్పమనేవారు. 1956లో మిల్లర్‌నూ పిలిచారు. ఆయన ఇతరుల పేర్లు చెప్పలేదు.

నాటకంలో కల్పన చాలా ఉంది. అబిగైల్ అందులో పదిహేడేళ్ల యువతి, జాన్ ప్రాక్టర్‌తో అక్రమ సంబంధం, ఆ పగతోనే అంతా జరుగుతుంది. చరిత్రలో అబిగైల్‌కు 11 ఏళ్లు, ప్రాక్టర్‌కు 60. వాళ్లిద్దరి కథ మిల్లర్ అల్లినదే. ఇక్కడ మాకు నాటకం మీద ఒక ఫిర్యాదు ఉంది. ఒక ఆడపిల్ల పగ మీద భారమంతా మోపడం తేలిక. అసలు చరిత్రలో ఆ భారం పెద్దవాళ్లది.

జరిగిన సంగతి ఇది. పాస్టరు శామ్యూల్ పారిస్ సేలం గ్రామ సంఘానికి 1689లో కాపరిగా వచ్చారు. జీతం దగ్గర, వంటచెరకు దగ్గర సంఘంతో తగాదాలు. 1692 జనవరిలో ఆయన కూతురు బెట్టీకి (9 ఏళ్లు), ఇంట్లోనే పెరుగుతున్న అబిగైల్‌కు వింత జబ్బు పట్టుకుంది. కేకలు పెట్టడం, ఒళ్లు మెలికలు తిరగడం. వైద్యుడు చూసి ఇది దుష్టశక్తి పని అన్నాడు. ఇక అందరూ పిల్లల చుట్టూ చేరి ఒకటే ప్రశ్న: మిమ్మల్ని పీడిస్తున్నది ఎవరు?

ముందు పిల్లలు ఏ పేరూ చెప్పలేదు. అప్పుడు మేరీ సిబ్లీ అనే సంఘ సభ్యురాలు, చేసినవాళ్లెవరో తేల్చడానికి పిల్లల మూత్రం కలిపి రొట్టె కాల్పించి కుక్కకు పెట్టించింది. విశ్వాసియే, ఆదివారం ఆరాధనకు వచ్చే మనిషే! పారిస్ తరువాత ఆమెను సంఘం ముందు గద్దించారు, సాతానును ఎదిరించడానికి సాతాను దగ్గరకే వెళ్లావని. గద్దింపు సరైనదే గాని అప్పటికే పేర్లు బయటికి వచ్చేశాయి. పాస్టరుగారింటి బానిస టిటుబ, అడుక్కుతినే సారా గుడ్, చాలాకాలంగా ఆరాధనకు రాని సారా ఓస్‌బోర్న్. ముగ్గురి తరఫునా మాట్లాడే దిక్కు లేదు. ఫిబ్రవరి 29న అధికారుల దగ్గర ఫిర్యాదు ఇచ్చినది మాత్రం పిల్లలు కాదు, నలుగురు మగవారు. సారా గుడ్‌కు నాలుగేళ్ల కూతురు ఉండేది. ఆ పసిదాన్నీ జైలులో పెట్టారు.

సాక్ష్యం ఎలాంటిదో చూడండి. ‘ఈమె రూపం రాత్రి నా దగ్గరికి వచ్చి గిల్లింది, గొంతు నులిమింది’ అని పిల్లలు చెప్పేవారు. ఆ సమయంలో ఆమె తన ఇంట్లో పడుకుని ఉన్నా సరే, వచ్చింది ఆమె రూపమే అన్నారు. ఆ రూపం చెప్పినవారికి తప్ప మరెవరికీ కనపడదు. ద్వితీయోపదేశకాండము 19:15 ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలి. మంత్రగత్తెలను గూర్చిన నిర్గమకాండము 22:18 అందరికీ కంఠతా వచ్చిన ఊరిలో ఈ వచనం ఏమైపోయిందో!

రెబెకా నర్స్ అనే తల్లి సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. 71 ఏళ్లు, భక్తిగల మనిషి, చెవులు సరిగ్గా వినపడవు. పుట్నం కుటుంబంవారికీ ఆమె కుటుంబానికీ పొలాల సరిహద్దు తగాదాలు ఉండేవి. ఆమె మంచిదని దాదాపు 40 మంది పొరుగువారు సంతకాలు పెట్టారు. అలాంటి రోజుల్లో ఆ సంతకం పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. జూరీ మొదట నిర్దోషి అని తీర్పు చెప్పింది. వెంటనే కోర్టులో పిల్లలు గోలపెట్టారు. జడ్జి మళ్లీ ఆలోచించమన్నాడు. జూరీ పెద్ద ఆమెను ఒక మాట అడిగితే, దుఃఖంలో ఉండి, చెవులు వినపడక, ఆమె బదులు చెప్పలేదు. ఆ మౌనాన్ని నేరంగా ఎంచారు. ఉరికి ముందు సేలం పట్టణ సంఘం ఆమెను వెలివేసింది. 1692 జూలై 19న ఉరితీశారు.

మొత్తం 19 మందిని ఉరితీశారు, 14 మంది స్త్రీలు, 5 మంది పురుషులు. జైలస్ కోరీ అనే ముసలాయన విచారణకు ఒప్పుకోలేదని రాళ్ల బరువు కింద నలిపి చంపారు. జైల్లో చనిపోయినవారు వేరు. ఇందులో మా మనసును ఎప్పుడూ కలచివేసేది ఒకటుంది. ‘అవును, నేను మంత్రగత్తెనే’ అని ఒప్పుకుని ఇంకొకరి పేరు చెప్పినవారిని ఉరితీయలేదు. ఉరికంబం ఎక్కినవారందరూ ఒప్పుకోనివారే. అబద్ధమాడితే ప్రాణం దక్కేది. వాళ్లు ఆడలేదు. వారిలో జార్జి బరోస్ అనే పాస్టరు కూడా ఉన్నారు. మంత్రగాళ్లు పరలోక ప్రార్థన తప్పు లేకుండా చెప్పలేరని ఆ కాలపు నమ్మకం. ఆయన ఉరి దగ్గర నిలబడి తడబాటు లేకుండా చెప్పారు. అయినా ఉరితీశారు.

ఆ అక్టోబరులో ఇంక్రీజ్ మేథర్ అనే పేరుగాంచిన పాస్టరు, ఒక నిర్దోషి చావడం కంటే పదిమంది అనుమానితులు తప్పించుకోవడం మేలని రాశారు. అదే నెలలో గవర్నరు ఆ కోర్టును రద్దు చేశాడు. జడ్జీలలో ఒకరైన శామ్యూల్ సీవాల్ 1697లో బోస్టన్ మందిరంలో లేచి నిలబడి, తన ఒప్పుకోలును పాస్టరుచేత చదివించాడు. పారిస్ వెళ్లిపోయాక వచ్చిన కొత్త కాపరి జోసెఫ్ గ్రీన్ చిన్న వయసువాడు. 1706లో ఆన్ పుట్నం, 12 ఏళ్ల వయసులో ఎందరి మీదో నేరం మోపిన అమ్మాయి, మందిరంలో నిలబడి ఉండగా ఆమె క్షమాపణను గ్రీన్ చదివి వినిపించాడు. అందులో రెబెకా నర్స్ పేరు ప్రత్యేకంగా ఉంది. రెబెకా మీది వెలివేతను 1712లో తీసివేశారు, ఉరితీసిన 20 ఏళ్లకు.

ఇక మన సంగతి. మొయినాబాద్ నుండి చేవెళ్ల వైపు మర్రిచెట్ల రోడ్డు మీద రోజంతా కార్లు పోతూనే ఉంటాయి. ఇంజనీరింగ్ కాలేజీలు, ఫాంహౌసులు. అదే రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే మూడుబాటల కాడ కోసిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. బాణామతి అనే మాట మన తెలంగాణ పల్లెల్లో ఇంకా బతికే ఉంది. ఇంటి మీద రాళ్లు పడ్డా, బట్టలు అంటుకున్నా, కోడలు ఉన్నట్టుండి అరిచినా మొదట వచ్చేది ఆ మాటే. మంత్రం పలకకుండా చేస్తామని అనుమానితుల పళ్లు ఊడగొట్టిన సంఘటనలు మన పక్క మెదక్ ప్రాంతంలో ఎన్నో. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో ఒక స్త్రీ జబ్బుతో చనిపోతే, ఆమె చితి మీదనే ఒక యువకుణ్ణి కాల్చేశారు. 2022 జనవరిలో జగిత్యాలలో కుల సంఘం కూర్చున్న చోటనే తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. 2024లో రామాయంపేట మండలంలో ఒక స్త్రీకి నిప్పంటించారు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో దీనికోసం ప్రత్యేక చట్టాలు చేశాయి. మన రాష్ట్రంలో అలాంటిది లేదు.

ఇవన్నీ అన్యజనుల సంగతులు, మనకెందుకు అంటారేమో. మా దగ్గరికి వచ్చే మాట వినండి: ‘అయ్యగారూ, మా కోడలికి ఎవలో ఏదో జేసిండ్రు. జర ప్రార్థన జేసి ఎవలో చెప్పుండ్రి.’ అడిగేది బాప్తిస్మం తీసుకున్నవారే. ‘కలలో ఫలానామె కనబడ్డది’ అంటారు. కొన్ని కూడికల్లో దయ్యం పట్టిందన్న పిల్లను వంగదీసి, నిన్ను పంపింది ఎవరో చెప్పు అని మైకులో గద్దిస్తారు. అలసిపోయిన ఆ పిల్ల నోట ఒక పేరు వస్తుంది. ఎక్కువగా అది పక్కింటి విధవరాలిదో, గట్టు తగాదా ఉన్న దాయాదిదో అవుతుంది. అక్కడున్నవారందరూ ‘హల్లెలూయ’ అంటారు. ఆ పేరుగల మనిషి తెల్లారి బోరింగు దగ్గరికి నీళ్లకు రావాలి గదా?

సువార్తలు తీసి చూడండి. మార్కు 5లో యేసుప్రభువు దయ్యాన్ని దాని పేరే అడిగాడు. నిన్ను ఎవరు పంపారని ఏ దయ్యాన్నీ ఎక్కడా అడగలేదు. సాతాను అబద్ధమునకు జనకుడని యోహాను 8లో చెప్పినవాడు, వాని నోటి సాక్ష్యం తీసుకుంటాడా? యోహాను 9లో గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు ‘ఎవరి పాపం?’ అని అడిగితే, ఇద్దరిదీ కాదని ఆ ప్రశ్ననే కొట్టివేశాడు. మార్కు 9లో మూర్ఛలతో పడిపోతున్న చిన్నవాని తండ్రిని మాత్రం ఆయన ఒక ప్రశ్న అడిగాడు: ఇది ఎంతకాలం నుండి?

డాక్టరు అడిగేదీ అదే. కాబట్టి మన శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు రోగులను తీసుకువచ్చేవారికి మనవి. ఎప్పుడు మొదలైంది, నిద్ర పడుతోందా, ఇంట్లో ఏం జరిగింది, ఇవి మేము అడుగుతాము. డాక్టరు రాసిన చీటీ, మాత్రలు ఉంటే వెంట తెచ్చుకోండి. ఇంకా డాక్టరుకు చూపించకపోతే, ప్రార్థన అయ్యాక చేవెళ్ల ఆసుపత్రికి, అవసరమైతే ఎర్రగడ్డకు, మన సంఘ పెద్దలలో ఒకరు తోడు వస్తారు. ఎవరి మీదనైనా అనుమానం ఉంటే ఆ పేరు మైకు దగ్గర పలకనివ్వము. ఆ మనిషి కోసం కూడా అదే పూట ప్రార్థన చేస్తాము, పేరు ఎత్తకుండా.