తొమ్మిదో బిళ్ళ దగ్గర ఆగొద్దు

ఫిబ్రవరి నెల, సాయంత్రం ఏడు. గుంటూరు బ్రాడీపేటలో వీధుల్ని అంకెలతో పిలుస్తారు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని చెబితే చాలు, ఆటో అక్కడ ఆగుతుంది. ఎటు చూసినా ఆసుపత్రి బోర్డులు, ల్యాబులు, మందుల షాపులు. మిరప కోతల రోజులు కావడంతో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు పని ముగించుకుని ఈ వేళకే చేరారు.

మెట్లెక్కి ఆడవాళ్ళ డాక్టరు గదిలోకి వెళ్ళారు మీరు. ఇక్కడ తర్వాతి టోకెను వాళ్ళని కూడా లోపలికే పిలిచి గోడవార స్టూలు మీద కూర్చోబెడతారు. మీ ముందు బల్ల దగ్గర ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. ఇరవై మూడేళ్ళుంటాయి. ఏడాదిన్నర బిడ్డ వాళ్ళ అత్తగారి ఒళ్ళో నిద్రపోతున్నాడు. అమ్మాయి చేతిసంచీలోంచి మాలా-డి అట్ట తీసి బల్ల మీద పెట్టింది. తొమ్మిది గళ్ళు ఖాళీ. మిగతావన్నీ అలాగే ఉన్నాయి.

"ఎందుకు ఆపేశావమ్మా?"

"చుక్కలు చుక్కలుగా కనిపించిందండీ. ఇంకా డేటు రాలేదు కదా, లోపలేదో అయిందని భయమేసి మానేశా."

డాక్టరు గారు కోప్పడలేదు. అట్టని ఆ అమ్మాయి వైపు తిప్పి, పెన్నుతో ఒక్కో వరుసా చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టారు. మీరూ బల్ల వైపు వంగి వింటున్నారు.

తెల్లవి ఇరవై ఒకటి. పని చేసేవి ఇవే. ఒక్కోదాంట్లో లెవోనార్‌జెస్ట్రెల్, ఎథినైల్ ఈస్ట్రడయోల్ అనే రెండు హార్మోన్లు ఉంటాయి. అండం విడుదల కాకుండా ఆపుతాయి, గర్భసంచి ముఖద్వారం దగ్గర జిగురును చిక్కబరుస్తాయి. చివరి ఏడూ ముదురు రంగువి, ఐరన్ బిళ్ళలు. వాటిలో హార్మోను లేదు. రక్తం పట్టడానికీ, రోజూ వేసుకునే అలవాటు తెగకుండా ఉండడానికీ వాటిని పెట్టారు. ఇరవై ఎనిమిదీ అయిన మర్నాడే కొత్త అట్ట మొదలుపెట్టాలి. రక్తం కనిపిస్తున్నా, ఆగినా, అసలు రాకపోయినా సరే.

"మొదటి రెండు మూడు నెలల్లో మధ్యలో చుక్కలు కనపడటం చాలామందికి ఉండేదే. లోపలి పొర కొత్త హార్మోనుకి అలవాటుపడుతోందన్నమాట. బిళ్ళ వేళకి పడుతుంటే దానంతటదే తగ్గిపోతుంది. చుక్కలు కనిపించాయని మానేస్తే మాత్రం రక్షణ పోతుంది."

అప్పటిదాకా మాట్లాడని అత్తగారు ఇప్పుడు అందుకుంది. "డాక్టరమ్మా, మా ఊళ్ళో ఒకామెకి ఈ బిళ్ళలతో ముట్టు బాగా తగ్గిపోయింది. ఆ చెడు రక్తమంతా లోపలే పేరుకుపోదూ?"

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అడిగే ఉంటారు. డాక్టరు గారు పెన్ను కింద పెట్టారు.

"లేదు పెద్దమ్మా. ఈ బిళ్ళలు వాడేటప్పుడు గర్భసంచి లోపొర పలచగానే ఉంటుంది. పెరగని పైరుకి కోతేముంటుంది? రంగు బిళ్ళల వారంలో హార్మోను ఆగుతుంది కాబట్టి ఆ పలచటి పొర రాలి కాస్త రక్తం వస్తుంది, అంతే. అందుకే తక్కువ అవుతుంది, నొప్పీ తగ్గుతుంది. అన్నీ సరిగ్గా వేసుకున్నాక ఒక నెల కనిపించకపోయినా కంగారొద్దు. మధ్యలో బిళ్ళలు తప్పినా, వరసగా రెండు నెలలు రాకపోయినా మూత్ర పరీక్ష చేయించాలి."

తర్వాత తప్పిపోయిన బిళ్ళల లెక్క. ఒకటి మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. ఆరోజు రెండు పడినా ఫర్వాలేదు. రెండు, అంతకు మించి తప్పితే, తప్పినవాటిలో చివరిది ఒక్కటి వెంటనే వేసుకుని మిగతావి వేళకి కొనసాగించాలి, ఏడు రోజుల పాటు కండోమ్ కూడా వాడాలి. ఈ తప్పు తెల్లబిళ్ళల చివరి వారంలో జరిగితే, తెల్లవి పూర్తిచేసి రంగువి వదిలేసి మర్నాడే కొత్త అట్ట మొదలుపెట్టాలి. వేసుకున్న రెండు మూడు గంటల్లో వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి.

"ఏ వేళకి వేసుకుంటావు?"

"పొద్దున్నేనండీ. కోతకి పోయే హడావిడిలో మరిచిపోతుంటా."

"అయితే రాత్రి అన్నం తిన్నాక వేసుకో. ఫోన్లో అలారం పెట్టుకో."

చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు. కాలిలో రక్తం గడ్డకట్టిందా ఎప్పుడైనా? కళ్ళ ముందు మెరుపుల్లాంటివి కనపడి తలనొప్పి వస్తుందా? లివర్ జబ్బుందా? టీబీ మందులు, ఫిట్స్ మందులు వాడుతున్నావా? అన్నిటికీ లేదని చెప్పింది. రిఫాంపిసిన్, కొన్ని ఫిట్స్ మందులు ఈ బిళ్ళల బలాన్ని తగ్గిస్తాయి. బీపీ ఉన్నవాళ్ళకీ, ముప్ఫై అయిదు దాటి పొగతాగేవాళ్ళకీ, ఆరు నెలల్లోపు పసిబిడ్డకి పాలిచ్చే తల్లులకీ వేరే దారి చూడాలి. వాడుతుండగా పిక్క వాచి నొప్పెట్టినా, గుండెలో నొప్పి, ఆయాసం వచ్చినా, చూపు మసకబారినా అప్పటికప్పుడు ఆసుపత్రికి రావాలి.

నెలసరి నిన్నగాక మొన్న వచ్చిందట. మొదటి అయిదు రోజుల్లోపే కాబట్టి కొత్త అట్ట ఈ రాత్రికే మొదలుపెట్టొచ్చు, రక్షణ కూడా వెంటనే ఉంటుంది.

మీ పని చూసుకుని కిందికి దిగితే మందుల షాపు దగ్గర ఒకావిడ గొంతు తగ్గించి అడుగుతోంది. "గృహప్రవేశం ఉంది, డేటు ఆగే బిళ్ళలివ్వండి." అవి వేరు. నోర్‌ఎథిస్టిరాన్ బిళ్ళలు, డేటుకి మూడు రోజుల ముందు నుంచి మూడు పూటలా వేసుకునేవి. ఆపిన రెండు మూడు రోజులకి నెలసరి వస్తుంది. ఈ మోతాదులో గర్భం రాకుండా ఉండేందుకు వీటిని నమ్ముకోకూడదు. రక్తం గడ్డకట్టే గుణం ఉన్నవాళ్ళు డాక్టరునడక్కుండా ముట్టుకోకూడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని కనే వయసున్న పెళ్ళయిన ఆడవాళ్ళు పదిమందిలో దాదాపు ఏడుగురికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. బిళ్ళలు వాడేవాళ్ళు నూటికి ఒకరు కూడా లేరు. పెళ్ళికీ ఆపరేషన్‌కీ మధ్య గడిచే ఆ కొన్నేళ్ళలో, చదువుకోవాలనుకున్నా, బిడ్డకీ బిడ్డకీ ఎడం కావాలనుకున్నా, ఒంట్లో కాస్త రక్తం పట్టేదాకా ఆగాలనుకున్నా, మన అమ్మాయిల చేతిలో ఏముంది? మాలా-డి లాంటిదే అయిన మాలా-ఎన్ అట్ట ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. హార్మోను లేని ఛాయ బిళ్ళ కూడా అక్కడే దొరుకుతుంది. అది మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికొకటి.

బిళ్ళ తప్పకుండా వాడితే ఏడాదిలో నూటికి ఒక్కరికి కూడా గర్భం రాదు. మామూలుగా జనం వాడే తీరులో మాత్రం నూటికి ఏడుగురి దాకా నెల తప్పుతున్నారు. మందు ఒకటే, తేడా వాడకంలో. ఆ వాడకాన్ని తెంపే భయాల్లో పెద్దవి చుక్కల భయం, ముట్టు తగ్గిందన్న భయం. అట్ట చేతిలో పెట్టే డాక్టరైనా, నర్సయినా, ఆశా కార్యకర్తయినా, షాపు కుర్రాడైనా ఆ భయాల గురించి ముందే చెప్పాలి. చుక్కలు రావచ్చు, నెలసరి పలచబడొచ్చు, అయినా మానొద్దు, అనుమానముంటే వచ్చి అడుగు. ఇది చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ప్రతి ఆడపిల్లకీ దక్కాలి.