ఆధునిక ప్రేమకవిత - తరగతి గది: కొన్ని చారిత్రక విశేషాలు

తెలుగునాటికి వెలుపల తెలుగు చదువుకుంటున్న పదిహేను, పదహారేళ్ళ పిల్లలకు ప్రేమకవిత పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. మొదటిది బిడియం. పద్యంలో 'ప్రియా' అన్న పిలుపు వినబడగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. ఇది ఆ వయస్సుకు సహజం, నాలుగు రోజుల్లో పోతుంది. రెండవది అంత తేలికగా పోయేది కాదు. "మా ఇంట్లో మాట్లాడేది అసలు తెలుగు కాదండీ. పుస్తకాల తెలుగు మాకు రాదు" అని పిల్లలే చెబుతారు. తమ మాట కవిత్వానికి పనికిరాదని నమ్మిన విద్యార్థి ఏ కవితనూ తనదిగా చదువుకోలేడు. ఈ రెండు ఇబ్బందులకూ సమాధానం ఆధునిక ప్రేమకవిత చరిత్రలోనే ఉన్నదని మా అభిప్రాయం. ఆ చరిత్రలో గణనీయమైన భాగం మద్రాసులో, మైసూరులో, పర్లాకిమిడిలో, అంటే మన ఊళ్ళలోనే నడిచింది.

1910వ సంవత్సరంతో మొదలుపెడదాం. ఆ యేడు రెండు సంఘటనలు జరిగాయి. గురజాడ అప్పారావు గారు 'ముత్యాల సరాలు' అనే కొత్త నడకను తెచ్చి, అందులోనే 'కాసులు' అనే కవిత రాశారు. భర్త భార్యకు దేవుడు కాడు, ప్రాణస్నేహితుడు అన్న భావం తెలుగు కవిత్వంలో ఇంత సూటిగా అంతకుముందు వినబడలేదు. అదే యేడు మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ గారు, తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో 18వ శతాబ్దంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి మద్రాసులో అచ్చువేయించారు. ఈ కావ్యంలోని శృంగారాన్ని వీరేశలింగం గారు అంతకుముందే తప్పుపట్టి ఉన్నారు. సిగ్గు అనేది ఆడవారికేనా, మగకవులకు అక్కరలేదా అని నాగరత్నమ్మ గారు పీఠికలో నిలదీశారు. ప్రభుత్వం 1911-12లో ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వ కాలంలో, 1946-47లో గాని ఆ నిషేధం తొలగలేదు. ప్రేమను గురించి ఎవరు మాట్లాడవచ్చు, ఎంతవరకు మాట్లాడవచ్చు అన్న ప్రశ్న మన కవిత్వానికి ఆధునిక యుగం తొలినాళ్ళలోనే ఎదురయిందని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

ఈ నేపథ్యంలో రాయప్రోలు సుబ్బారావు గారి 'తృణకంకణము' (1913) చదివితే దాని తీరు అర్థమవుతుంది. ప్రేమించిన అమ్మాయి మరొకరి ఇల్లాలయిన తరువాత ఆ ప్రేమ స్నేహంగా మారి నిలవడం అందులో కథ. రాయప్రోలు వారు దీనికి 'అమలిన శృంగారం' అని పేరు పెట్టారు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా మా విద్యార్థులు అడిగే ప్రశ్న ఒక్కటే: "వాళ్ళిద్దరూ పెళ్ళెందుకు చేసుకోలేదు?" ఇది కొంటె ప్రశ్న కాదు, చరిత్ర ప్రశ్న. బాల్యవివాహాల్ని అరికట్టే శారదా చట్టం వచ్చింది 1929లో. అంతకుముందు చదువుకునే యువకుడికి ఈడైన అమ్మాయితో పరిచయం కలిగే అవకాశమే తక్కువ. భావకవుల ప్రేయసి ఎక్కువగా ఊహాసుందరి కావడానికి, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి కవిత్వంలో ఊర్వశిగా మారడానికి ఇది ఒక ముఖ్యకారణం. ఈ సంగతి చెప్పగానే తరగతిలో నవ్వులు ఆగిపోవడం మేము గమనించాము. ఎదురుగా లేని మనిషిని ప్రేమించడం పిల్లలకు వింతగా తోచదు, దిగులుగా తోస్తుంది.

ఇక రెండవ ఇబ్బంది, భాషకు సంబంధించినది. ప్రేమకవిత రాసిన గురజాడ గారే 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి 'అసమ్మతి పత్రం' సమర్పించారు. విద్యార్థులు రాయవలసింది వాడుకభాషలోనా, గ్రాంథికంలోనా అన్నది అప్పటి వివాదం. ఆయనకు సహాధ్యాయి, మిత్రుడు అయిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఏళ్ళ తరబడి ఉపాధ్యాయులుగా ఉన్నవారు. సవరల భాష నేర్చి, ఆ పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు సిద్ధంచేసిన అనుభవం ఆయనది. పిల్లవాడి నోట ఉన్న భాషను కాదని చదువు చెప్పలేమని ఆయన గ్రహించింది అక్కడే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, మనసు కష్టపెట్టుకుని ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. కాని ఆయన విడిచి వచ్చిన ఊళ్ళో తెలుగు మాట్లాడేవారు ఈనాటికీ ఉన్నారు.

వాడుకభాషావాదం శాస్త్రచర్చగా సాగుతుండగానే, ప్రేమకవితలో దానికి రుజువు దొరికింది. 1917-18 ప్రాంతంలో మద్రాసులో చదువుకుంటున్న నండూరి సుబ్బారావు గారు ఎంకి పాటలు రాయడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండు, ఇరవై మూడు. సొంత ఊరు ఏలూరు దగ్గరి వసంతవాడ. చుట్టూ తమిళం వినబడే పట్నంలో ఉండి, ఊరివాళ్ళ తెలుగును ఆయన పాటగా కట్టారు. 'వెంకి' ఆ పలుకులో 'ఎంకి' అయింది. మాట మొదటి వకారం పోవడం పల్లె ఉచ్చారణలో మామూలే. పుస్తకం 1925లో వచ్చింది. కృష్ణశాస్త్రి గారి 'కృష్ణపక్షము' వచ్చిందీ ఆ యేడే. ఒకటి సంస్కృత సమాసాల లాలిత్యంతో, మరొకటి పొలంగట్టు మాటతో, రెండూ విరహాన్నే చెప్పాయి. అక్కిరాజు ఉమాకాంతం గారు 1928లో 'నేటికాలపు కవిత్వము'లో భావకవుల్ని ఖండిస్తూ ఎంకిని క్షుద్రనాయిక అన్నారు. అలంకారశాస్త్రం చెప్పిన నాయికల్లో ఎంకి వంటి పల్లెపడుచుకు చోటు లేదు కదా! అయినా జనం ఆ పాటలు పాడుకోవడం మానలేదు.

ఎంకి పాట ఒకటి తరగతిలో చదివిన రోజున వెనక బెంచీ విద్యార్థిని ఒకామె "మా అమ్మమ్మ ఇట్లాగే మాట్లాడుతుంది" అన్నది. ఆ తరువాత మేము అర్థాలు చెప్పవలసిన అవసరం రాలేదు. ఆమే చెప్పింది.

అర్థాలు తెలిస్తే సరిపోతుందా? ప్రతిపదార్థం, తాత్పర్యం, ఛందస్సు, అలంకారం అనే వరుస మన పాఠాలకు పాతది. దానిని తోసివేయనక్కరలేదు గాని, కవిత ఎట్లా పనిచేస్తుందో అది చెప్పదు. ఆ ప్రశ్న వేసిన తొలి పుస్తకాల్లో ఒకటి కట్టమంచి రామలింగారెడ్డి గారి 'కవిత్వతత్త్వ విచారము' (1914). పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను పరీక్షిస్తూ ఆయన దీన్ని రాసింది మైసూరు మహారాజా కళాశాలలో పనిచేస్తున్న కాలంలోనే. 1912లో అదే కళాశాలలో తెలుగు బోధించడానికి చేరిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడ పాఠం చెప్పారు. సాతవాహనుల ప్రతిష్ఠానం, అంటే నేటి మహారాష్ట్రలోని పైఠాన్, పేరుతో ముడిపడిన ప్రాకృత 'గాథాసప్తశతి' నుంచి ఏరి వారు 'శాలివాహన గాథాసప్తశతీ సారము'గా తెలిగించారు.

గాథలకు వ్యాఖ్య రాసిన పూర్వులు ముందుగా చూసింది ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారన్నది. బాటసారితో ఇల్లాలు వాన సంగతి మాట్లాడితే ఆమె చెబుతున్నది వాన గురించేనా? పద్యం చెప్పకుండా వదిలినదాన్ని పాఠకుడే ఊహించాలి. ఆధునిక ప్రేమకవితకు కూడా ఈ మూడు ప్రశ్నలే తొలిమెట్టు అని మా అనుభవం. నాయుడుబావ ఎంకితో అంటున్నాడా, ఆమె లేనప్పుడు తనలో అనుకుంటున్నాడా? కృష్ణశాస్త్రి గారి కవితలో 'నేను' ఎవరు? 'కాసులు'లో భర్త మాట్లాడుతుంటే భార్య ఏమంటోంది? మాట్లాడని మనిషిని గురించి ఆలోచించడం మొదలుపెట్టిన విద్యార్థికి ఆలంబనం, ఉద్దీపనం, విప్రలంభం అనే పాత మాటలు అప్పుడు చెబితే అక్కరకు వస్తాయి. ముందే చెబితే పరీక్షకు వల్లెవేస్తాడు.

ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఒకటి. కవిత చదివించిన తరువాత ప్రశ్నపత్రంతో ముగించకండి. అందులోని మాటల్ని తమ ఇంట్లో, పేటలో ఎట్లా అంటారో విద్యార్థుల్ని రాసుకు రమ్మనండి. హోసూరులో ఒక మాట, బరంపురంలో ఒక మాట, యానాంలో ఇంకొక మాట వస్తుంది. ఏదీ తప్పని దిద్దకండి. మద్రాసులో ఉండి ఊరి మాటను పాటగా కట్టిన ఇరవై రెండేళ్ళ విద్యార్థి కథ వారికి చెప్పండి. తమ ఇంటి తెలుగుకు కవిత్వంలో చోటున్నదని తెలిసిన పిల్లలు, తక్కిన కవిత్వాన్ని తామే వెతుక్కుంటారని ఆశిస్తున్నాము.