హైదరాబాదు వైమానికుడు లతీఫ్

మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఒక పిల్లవాడు "మన దేశం ఏది మాస్టారూ?" అని అడిగాడు. జవాబు తోచక మేము ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ గారి కథ చెప్పాము.

1923లో హైదరాబాదులో జన్మించిన ఆయన నిజాం కళాశాలలో చదివి, 1942లో వైమానిక దళంలో చేరారు. బర్మా యుద్ధరంగంలో హరికేన్ విమానాలు నడిపారు. బర్మా అంటే మలయా తోటల్లోని మన పెద్దలకు సయాం రైలు దారే గుర్తుకు వచ్చేది!

1947లో దేశంతో పాటు సైన్యాన్నీ పంచారు. ముస్లిం అధికారులు ఏదో ఒక పక్క ఎంచుకోవలసి వచ్చింది. తరువాత పాకిస్తాన్ వైమానిక దళాధిపతులైన మిత్రులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ తమతో రమ్మన్నారు. మతం వేరు, దేశం వేరు అని లతీఫ్ గారు భారతదేశంలోనే ఉండిపోయారు. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు. చిత్రమేమంటే, ఆయన పుట్టిన హైదరాబాదు సంస్థానం అప్పటికింకా భారతదేశంలో కలవనే లేదు. అది 1948 మాట.

1978 నుండి 1981 వరకు ఆయనే వైమానిక దళాధిపతి. జాగ్వార్ విమానాలు ఆ కాలంలోనే వచ్చాయి. పరమ విశిష్ట సేవా పతకం పొందారు. పిమ్మట మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా పనిచేసి, సొంత ఊరు చేరుకున్నారు. 2018లో 94 ఏళ్ల వయస్సులో ఆ హైదరాబాదులోనే కన్నుమూశారు.