వెలిసిన రంగే వారసత్వమా?

‘హెరిటేజ్’ అని రాసి ఉన్న రంగు డబ్బా మూత తీయకముందే లోపలేముందో చెప్పవచ్చు: బూడిద కలిసినట్టున్న నీలం, మసకబారిన ఆకుపచ్చ, మీగడ తెలుపు. పాతకాలపు గోడలు ఇలాగే అణకువగా ఉండేవన్న నమ్మకం అమెరికాలో 1930 దశకంలో బలపడింది.

వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ పట్టణానికి పద్దెనిమిదో శతాబ్దపు రూపు తిరిగి తెచ్చే పని 1926లో మొదలైంది. ఆలోచన స్థానిక మతాచార్యుడు గుడ్విన్‌ది, సొమ్ము జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ది. పాత చెక్కల మీది పైపూతలు గీకి, అడుగున తేలిన రంగును కంటితోనే పోల్చుకున్నారు. ఆ రంగులే తర్వాత అంగళ్లకెక్కి మామూలు ఇళ్లలోకి వచ్చాయి.

వాళ్ల కంటిని మోసగించింది అవిసె నూనె. ఆ రోజుల్లో రంగుపొడిని ఈ నూనెలోనే నూరేవారు. పైపూతల కింద వెలుతురు తగలకుండా ఏళ్లతరబడి ఉంటే అది పసుపెక్కుతుంది. ఆ పసుపు సోకిన నీలానికి ఆకుపచ్చ ఛాయ వస్తుంది, తెలుపు మీగడ రంగుకు తిరుగుతుంది. రాగి చిలుముతో చేసిన ఆకుపచ్చ అయితే గోధుమ రంగుకు దిగిపోతుంది.

తర్వాతి తరం పరిశోధకులు గోరంత పెచ్చును పారదర్శకమైన జిగురులో బిగించి, సానబట్టి, సూక్ష్మదర్శిని కింద పూతలన్నీ వరుసగా చూశారు. జార్జ్ వాషింగ్టన్ నివాసం మౌంట్ వెర్నన్‌లో చిన్న భోజనశాల గోడలు కళ్లు చెదిరే చిలుము పచ్చగా ఉండేవని తేలింది. 1980 దశకంలో ఆ గదికి మళ్లీ ఆ రంగే వేస్తే, గంభీరమైన మసక గోడలకు అలవాటుపడ్డ సందర్శకులు తెల్లబోయారు. కానీ ఆ కాలంలో మెరిసే రంగంటే ఖరీదైన రంగు. గోడ మీది పచ్చదనం వచ్చిన అతిథికి ఇంటివాడి కలిమిని చెప్పేది.

కాబట్టి ఆ డబ్బాలోది పూర్వుల అభిరుచి కాదు, వాళ్ల గోడల వృద్ధాప్యం. ఇష్టమైతే వేసుకోవచ్చు, చరిత్ర అని మాత్రం అనకూడదు. మన పాత ఇళ్లలోనూ ఏటేటా వేసిన సున్నం పొరల కింద ఏ నీలమో, ఏ జాజురంగో దాగి ఉండవచ్చు. గోడలు గీకించే ముందు ఒక మూల అరచేతి మేర అలాగే వదిలేయండి. తర్వాత వచ్చేవాళ్లకు చదువుకోవడానికి అదైనా మిగులుతుంది.