తెలుగు తెరపై భయానకము

భయానక చిత్రము పాశ్చాత్యుల నుండి మనకు సంక్రమించినదనియు, 1992లో వెలువడిన ‘రాత్రి’తో తెలుగున వేళ్లూనినదనియు తలచువారు గలరు. మే మీ మతమును పూర్తిగా నంగీకరింపజాలము. భరతుడు నాట్యశాస్త్రమున భయానకమునకు చెప్పిన విభావములను చూడుడు: వికృతధ్వనులు, భూతదర్శనము, నక్కలు, గుడ్లగూబలు, శూన్యగృహములు, అరణ్యములు. నేటి చిత్రముల సామగ్రియు దాదాపుగా నిదియే. మారినది సామగ్రి కాదు, ప్రధాననటుని స్థానము.

కృష్ణామండలమునకు చెందిన నటులను గైకొని యీ విషయమును పరిశీలింతము. విజయా సంస్థవారి ‘పాతాళ భైరవి’ (1951)కి పింగళి నాగేంద్రరావు రచయిత, కె.వి. రెడ్డి దర్శకుడు. నూజివీడున 1918లో జన్మించిన ఎస్.వి. రంగారావు అందు నేపాళ మాంత్రికుడు, నిమ్మకూరువాడైన ఎన్.టి. రామారావు తోట రాముడు. మాంత్రికుడు భయమున కాలంబనము. చూపు, నడక, పలుకుబడి, నవ్వు—భయమంతయు నా నటుని శరీరమునందే యున్నది. అయినను నాటకమున శృంగారవీరములలో నొకటియే అంగి కావలెనన్న యాలంకారికుల నియమ మిచట చెక్కుచెదరలేదు. మాంత్రికుని శక్తి గడ్డమున నున్నది. ఆ గడ్డమును తీయించువాడు హాస్యపాత్రయగు అంజి! భయానకమును హాస్యముచేత నణచిన యీ కల్పన మాకు మిక్కిలి ముచ్చట గొల్పును. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడైన రంగారావును చూచి పిల్లలు భయపడుటకు మారుగా మురిసిపోయిరి.

‘రాత్రి’ దర్శకుడు రాంగోపాల్ వర్మ విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. ఇందు మాంత్రికప్రతినాయకుడు లేడు. భయహేతువు కంటికి కానరాదు. కెమెరాయే దాని చూపై పాత్రలను వెన్నాడును. రేవతి ధరించిన యువతి తొలుత భయమున కాశ్రయము. ఆత్మ యావేశించినపు డామెయే ఆలంబనము. ఒకే పాత్ర రెండు స్థానములను వహించుట వలన భయానక మంగియైనదని మా యభిప్రాయము. మంత్రవేత్తగా ఓంపురి యున్నను, కథాభార మామెదే.

దూరదర్శిని ధారావాహికలలో నీ మార్పు మరింత స్పష్టము. ఈటీవీ ‘అన్వేషిత’లో ప్రధానపాత్రధారులు అచ్యుత్, యమున. మచిలీపట్నమువాడైన అచ్యుత్ సౌమ్యముఖుడు. భయపెట్టుట యతని పని కాదు, ప్రేక్షకునితోపాటు శంకించుట, వెదకుట యతని పని. పైగా నాటకము ఒక రాత్రితో ముగియును. ధారావాహిక భయమును తీర్పక మరునాటికి మిగుల్చును. నట్టింట భోజనముచేయుచు భయపడు సామాజికుని మన లక్షణకారులు తలచియుండరు. అచ్యుత్ 2002లో అకాలమరణము నొందెను. ఆతని నటనను రంగారావు మాంత్రికునితో పోల్చి తక్కువచేయువారు ఆశ్రయమును ఆలంబనపు కొలతతో కొలుచుచున్నారు.