కర్ణుడి పతనం: శాపాల వాటా ఎంత, స్వభావం వాటా ఎంత?

కర్ణుడి చావుకు సవాలక్ష కారణాలని తెలుగువాళ్లు తరచూ అంటారు. పని చెడినప్పుడు బాధ్యులెవరో తేల్చలేకపోతే ఈ సామెత ఆదుకుంటుంది. అయితే ఆ కారణాల్లో కర్ణుడి మీద బయటి నుంచి వచ్చి పడినవేవి, అతని స్వభావం నుంచి పుట్టినవేవి? ఈ వ్యాసం పరిశీలించేది ఆ సంగతే. ఇందుకు ప్రధాన ఆధారం పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో పూర్తిచేసిన మహాభారత సంశోధిత పాఠం. మన సినిమాలు, నాటకాలు, హరికథలు తీర్చిదిద్దిన కర్ణుడిని కాసేపు పక్కన పెట్టాలి. 1977లో వచ్చిన 'దాన వీర శూర కర్ణ' చూసి పెరిగిన తరాలకు అదంత తేలిక కాదు.

విషాద నాయకుడిని అంచనా వేయడానికి విమర్శకులు ఎక్కువగా ఆశ్రయించేది అరిస్టాటిల్ 'పొయెటిక్స్' 13వ అధ్యాయాన్ని. నాయకుడు పూర్తిగా మంచివాడూ కాక, పరమ దుర్మార్గుడూ కాక, ఏదో ఒక పొరపాటు వల్ల పడిపోవాలని అక్కడి వాదన. ఆ పొరపాటు స్వభావంలోని లోపమా, తెలియక చేసిన తప్పా అన్న విషయంలో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. గ్రీకు నాటకానికి చేసిన సూత్రాన్ని ఇతిహాసం మీద యథాతథంగా మోపడం సరికాదు. ఆ ప్రశ్నను మాత్రం అరువు తెచ్చుకోవచ్చు.

భారతం తన జవాబును శాంతిపర్వంలో తానే చెప్పింది. యుద్ధం ముగిశాక, కర్ణుడు తన అన్న అని తెలిసి కుమిలిపోతున్న ధర్మరాజుకు నారదుడు కర్ణవధకు దారితీసిన కారణాలను ఏకరువు పెడతాడు: బ్రాహ్మణుడి శాపం, పరశురాముడి శాపం, కుంతికి ఇచ్చిన వరం, ఇంద్రుడి మాయ, రథికుల లెక్కలో సగం వాడని భీష్ముడు చేసిన అవమానం, శల్యుడు తేజస్సును దెబ్బతీయడం, కృష్ణుడి నీతి. మొత్తం ఏడు. ఏడూ ఇతరులు చేసిన పనులుగానే కనిపిస్తాయి. కుంతికి వరమిచ్చినవాడు కర్ణుడే అయినా, అక్కడ అది ఔదార్యంగా లెక్కకు వస్తుందే తప్ప లోపంగా కాదు.

జాబితాను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే సంగతి మారుతుంది. ద్రోణుడు బ్రహ్మాస్త్రం నేర్పనన్నాడు కాబట్టే కర్ణుడు మహేంద్రగిరికి వెళ్లి, తాను భార్గవుడినని పరశురాముడికి అబద్ధం చెప్పాడు. పుట్టుకను బట్టి తలుపులు మూసిన సమాజం అతన్ని అబద్ధానికి నెట్టిందన్న వాదనలో బలముంది. నేనూ దాన్ని ఒప్పుకుంటాను. అయినా ఆ అబద్ధం చెప్పినది కర్ణుడే, శాపం దాని ఫలమే. బ్రాహ్మణుడి శాపం సంగతి వేరు. హోమధేనువును కర్ణుడు చంపింది తెలియక. క్షమించమని అడిగాడు, ఆవులనూ రత్నాలనూ ఇస్తానన్నాడు, ఆ బ్రాహ్మణుడు వినలేదు. రథచక్రం భూమిలో కూరుకుపోవడానికి కారణమైన ఈ శాపంలో స్వభావ దోషం వెతకడం అన్యాయం.

భీష్ముడి అవమానం మళ్లీ పరశురాముడి శాపం కోవకే చెందుతుంది. సహజ కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపం ఉంది, పైగా గొప్పలు చెప్పుకుంటాడు కాబట్టి కర్ణుడు అర్ధరథుడేనని భీష్ముడు తేల్చాడు. ఆ మాటకు ద్రోణుడూ వంత పాడాడు. భీష్ముడు బతికి ఉండగా ఆయుధం పట్టనని కర్ణుడు శపథం పట్టాడు. 18 రోజుల యుద్ధంలో మొదటి 10 రోజులు దుర్యోధనుడు తన ప్రధాన బలం లేకుండానే పోరాడాల్సి వచ్చింది. అవమానించినవాడు భీష్ముడు, శిబిరంలో కూర్చున్నవాడు కర్ణుడు. మిత్రుడి కోసం ప్రాణమిస్తానన్నవాడు ఆ మిత్రుడికి ఎక్కువ అవసరమైన రోజుల్లో తన పరువును ముందు పెట్టుకున్నాడు. శల్యుడు సారథిగా వచ్చిందీ కర్ణుడు కోరితేనే. అర్జునుడికి కృష్ణుడు ఉన్నాడు, తనకు అంతకంటే మెరుగైన అశ్వవేత్త కావాలని దుర్యోధనుడిని అతనే అడిగాడు. చివరి పోరులో సర్పముఖ బాణం గురి సరిగా లేదని శల్యుడు హెచ్చరిస్తే, కర్ణుడు రెండోసారి సంధించడని బదులిచ్చాడు. బాణం అర్జునుడి కిరీటాన్ని మాత్రమే కొట్టింది.

కవచకుండలాల దానం ఈ పరిశీలనలో అన్నిటికన్నా చిక్కైన ఘట్టం. ఇంద్రుడు మారువేషంలో వస్తాడని సూర్యుడు ముందే హెచ్చరించాడు. ప్రాణం పోయినా సరే కీర్తే కావాలన్నాడు కర్ణుడు. బతికి ఉన్నవాడికే కీర్తి పనికొస్తుందని సూర్యుడు వాదించినా వినలేదు. చివరికి సూర్యుడి సలహా మేరకే కవచానికి బదులుగా శక్తి అనే ఆయుధాన్ని అడిగి తీసుకున్నాడు. భాసుడిదిగా చెప్పే 'కర్ణభారం' దీన్ని మార్చేసింది. 1912 నుంచి తిరువనంతపురంలో గణపతిశాస్త్రి వెలుగులోకి తెచ్చిన నాటకాల్లో ఇదొకటి. అందులో దానం యుద్ధరంగానికి బయలుదేరే వేళ జరుగుతుంది. కర్ణుడు ప్రతిఫలం అడగడు. మనం నెత్తిన పెట్టుకునే నిర్వ్యాజ దానకర్ణుడు ఇతిహాసం కన్నా ఈ నాటకానికే దగ్గర. తెలుగులోనూ కర్ణుడు ఒక్క చేతి మీదుగా రాలేదు. కౌరవసభ నన్నయది, కవచదానం ఎర్రనది, రాయబారమూ మరణమూ తిక్కనవి. 11 నుంచి 14వ శతాబ్దం దాకా ముగ్గురు కవులు చెప్పిన మనిషిలో ఒకే ఒక్క మూలదోషాన్ని వెతికేవారు జాగ్రత్తగా ఉండాలి.

ద్యూతసభ మరింత నిక్కచ్చిగా చూడాల్సిన చోటు. అక్కడ కర్ణుడి ప్రవర్తనకు సాధారణంగా ఒక సమర్థన వినిపిస్తుంది: స్వయంవరంలో సూతుణ్ణి వరించనని ద్రౌపది అవమానించింది కాబట్టి పగ తీర్చుకున్నాడని. ఈ సమర్థనకు ఆధారం బలహీనం. ఆ తిరస్కారం కొన్ని ప్రతుల్లో ఉన్నా, సంశోధిత పాఠంలో దానికి చోటు దక్కలేదు. కర్ణుడు, శల్యుడు వంటివారు ఎక్కుపెట్టలేకపోయిన విల్లని అక్కడి బ్రాహ్మణులు చెప్పుకోవడం మాత్రం ఉంది. అవమానం కథను తీసేస్తే, వికర్ణుడు ద్రౌపది పక్షాన మాట్లాడినప్పుడు అతన్ని గద్దించి, ఆమెను నీచంగా దూషించి, వస్త్రాలు లాగమని దుశ్శాసనుడికి చెప్పిన కర్ణుడికి చెప్పుకునే సాకు మిగలదు. ఆ మాటలు ఏ శాపమూ పలికించలేదు.

ఇదంతా గుర్తింపు కోసం పడిన ఆరాటమని ఒక్క మాటలో తేల్చేయవచ్చా? నాకూ మొదట అది ఆకర్షణీయంగానే తోచింది. ఉద్యోగపర్వం దానికి అడ్డుపడుతుంది. జన్మరహస్యం చెప్పి, పాండవుల్లో పెద్దవాడిగా సింహాసనం ఎక్కమని కృష్ణుడు పిలిచాడు. అంతకు మించిన గుర్తింపు మరొకటి లేదు. కర్ణుడు కాదన్నాడు. పెంచిన రాధ, అధిరథుల ప్రేమనూ, తనను నమ్ముకుని యుద్ధానికి దిగిన దుర్యోధనుడినీ విడిచిపెట్టలేనన్నాడు. ఈ రహస్యం ధర్మరాజుకు చెప్పవద్దనీ కోరాడు. కుంతి అడిగినప్పుడు నలుగురు కొడుకులను చంపనని మాటిచ్చి నిలబెట్టుకున్నాడు. ఇంత ఉదాత్తత ఉన్న మనిషిని అహంకారి అన్న ఒక్క ముద్రతో కొట్టేయడం పాఠానికి ద్రోహం. అయితే కృష్ణుడితో జరిగిన ఆ సంభాషణలోనే అర్జునుడితో ద్వంద్వయుద్ధం తప్పిస్తే అపకీర్తి వస్తుందన్న భయమూ వినిపిస్తుంది. విధేయతా కీర్తికాంక్షా అతనిలో విడదీయరానంతగా కలిసిపోయాయి. అతన్ని ఎత్తున నిలబెట్టినవీ, కింద పడేసినవీ అవే.

ఆ సంభాషణలో మరో మాట ఉంది. దుర్యోధనుడిని సంతోషపెట్టడానికి పాండవులను పరుషంగా మాట్లాడినందుకు ఇప్పుడు తపిస్తున్నానని కర్ణుడే ఒప్పుకున్నాడు. పాత్ర నోట వచ్చిన ఈ ఒప్పుకోలు విమర్శకుల ఊహల కన్నా గట్టి సాక్ష్యం. రథచక్రం దిగబడినప్పుడు ధర్మం గుర్తుచేసిన కర్ణుడికి కృష్ణుడు ఎత్తిచూపిందీ ద్రౌపది పరాభవాన్నే.

అందుబాటులో ఉన్న ఆధారాల మేరకు నా నిర్ణయం ఇది. కర్ణుడు చేతిలో ఆయుధం లేకుండా చనిపోవడంలో శాపాల వాటా పెద్దది, దాన్ని స్వభావం ఖాతాలో వేయకూడదు. పతనం మాత్రం అతను చేసుకున్నదే. అర్జునుడు కర్ణుణ్ణి చంపుతానని ప్రతిజ్ఞ చేసింది పాండవులు అరణ్యవాసానికి బయలుదేరే ముందు, కౌరవసభలోనే. కురుక్షేత్రానికి అప్పటికింకా 13 ఏళ్లకు పైగా గడువుంది.